పళవేర్కాడు చూసొచ్చినాము

మన ఆవని నుంచి నలుగురం పళవేర్కాడుకు పోయొచ్చినామని తెలిసినప్పటి నుంచి "అక్కడేముంది చూసేదానికి? తిరుపతికి పోయినా పుణ్యం వచ్చుండును కదా" అని అడుగుతానే ఉండారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాస్తే మేలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

దారి సులువే. బంగారపేటలో రైలెక్కితే చెన్నై సెంట్రల్. పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్సులో గుమ్మిడిపూండి లోకల్ పట్టుకొని పొన్నేరిలో దిగాల. అక్కడ నుంచి బస్సు, ఇరవై కిలోమీటర్ల లోపలే. బస్సు మీద తమిళంలో పళవేర్కాడు అని ఉంటుంది. మ్యాపుల్లో పులికాట్. మన తెలుగోళ్ళ నోట్లో ప్రళయకావేరి. మూడూ ఒకటే. చెరువు మాత్రం ఒక రాష్ట్రానిది కాదు, ఎక్కువ భాగం ఆంధ్రాలోనే ఉంది. చిలకా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దానికీ సముద్రానికీ మధ్య అడ్డంగా శ్రీహరికోట దీవి. ఆ సరస్సులోని దీవుల్లో తెలుగోళ్ళు ఎట్ల బతికినారో స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు' అని వాళ్ళ మాటలోనే రాసినారు. బయటి రాష్ట్రాల్లో ఉండే మనలాంటోళ్ళు చదవాల్సిన పుస్తకం.

మేము పోయింది పోర్చుగీసోళ్ళ పాత రేవు చూద్దామని. మన ముళబాగిలు పేరుకు అర్థం తూర్పు వాకిలి అని చిన్నప్పటి నుంచి వింటా ఉండాము, విజయనగర రాజ్యానికి తూర్పు వాకిలి అని. ఆ వాకిలి దాటి తూర్పుకు పోతా ఉంటే చివర తగిలే సముద్రం మీద ఆ రాజ్యానికి ఉండిన పెద్ద రేవు ఈ పళవేర్కాడే. అద్దకం గుడ్డలు ఇక్కడ నుంచి మలక్కా దిక్కుకు పోతా ఉండె, పెగూ కెంపులు ఇక్కడ దిగుతా ఉండె. 16వ శతాబ్దం మొదట్లో, కృష్ణదేవరాయల కాలంలో, పోర్చుగీసోళ్ళు వచ్చి చేరినారు. గోవాలో మాదిరి రాజు తరఫున ఏలినోళ్ళు కాదు. ఎక్కువ మంది సొంత వ్యాపారానికి వచ్చి, ఇక్కడే పెండ్లి చేసుకొని నిలిచిపోయినోళ్ళు. వీళ్ళ మీద పై అధికారం తక్కువ. మైలాపూరు పక్కన సాంథోములో కూడా వాళ్ళ ఊరు ఒకటి లేచింది.

ఇప్పుడు వాళ్ళ గుర్తుగా ఏముందని వెదికితే, రాయి ఒకటీ కనపడలేదు. మహిమై మాత గుడి ఉంది, 1515లో వెలిసిందని ఊళ్ళో చెప్తారు. భక్తి పాతది, కట్టడం కొత్తది. కొవ్వొత్తులు, మల్లెపూలు, వాకిట్లో చెప్పులు, అంతా మన గుళ్ళో మాదిరే. ఊళ్ళో కనపడే పాత రాయంతా డచ్చోళ్ళది. చంద్రగిరి రాయల దగ్గర అనుమతి తెచ్చుకొని వాళ్ళు కోఠీ పెడితే, సాంథోము పోర్చుగీసోళ్ళు 1612లో వచ్చి దాన్ని పడగొట్టినారు. మరుసటి ఏడే డచ్చోళ్ళు గెల్డ్రియా అని కోట కట్టుకొన్నారు. ఆ కోట కూడా ఇప్పుడు తుమ్మచెట్ల పాలే. మిగిలింది వాళ్ళ సమాధులు. గవిని దగ్గర అస్థిపంజరాలు చెక్కినారు, లోపల పలకల మీద డచ్చి అక్షరాలు. చెక్కడం చానా బాగుంది, కాదనము. అయితే ఈ రేవు నుంచే 17వ శతాబ్దంలో మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు పంపినారు. వాళ్ళకు పలకా లేదు, పేరూ లేదు.

పోర్చుగీసోళ్ళు మాకు దొరికింది చేపల రేవులో. పొద్దున పడవలు రాగానే రొయ్యలు, పీతలు కుప్పలు పోసినారు. ఒకాయన గొంతెత్తి "ఏలం, ఏలం" అన్నాడు. మనం వేలం అంటాము. రైల్వేలో దిక్కులేని సామాన్లను ఏటేటా వేలం వేసినప్పుడు ఈ మాట ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అది పోర్చుగీసు మాట, లెయిలావ్. తువ్వాలు వాళ్ళదే, బొత్తాము వాళ్ళదే, అల్మారా, పీపా, పాదిరి వాళ్ళవే. మేము చదివిన తమిళ బడిలో జన్నలు, సావి అంటా ఉంటిమి, అవీ అంతే. కోలారు గనుల్లో ఇంగ్లీషు దొర కింద, కూలీ పైన ఒక మేస్త్రీ ఉంటా ఉండె కదా, ఆ మేస్త్రీ కూడా పోర్చుగీసోడే! మన ముద్దలోకి ఊరిబిండి నూరే మిరపకాయ కూడా వాళ్ళ ఓడల్లో వచ్చిందే.

ఇంక అసలు సంగతికి వస్తాము. అయిదు వందల ఏండ్లలో పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు మూడు జెండాలు మారినాయి. చేపల ఊరు మాత్రం చేపల ఊరుగానే ఉంది. ఎట్ల? రేవు గట్టు మీద వల బాగుచేస్తా ఉండిన ఒక పెద్దాయన్ని అడిగినాము. తమిళంలోనే మాట్లాడినాము గానీ, మాలో మేము తెలుగులో గొణుక్కొనేది విని ఆయన నవ్వి, "ఉత్తరం పక్క పోతే మీ మాటే" అన్నాడు. ఆయన చెప్పిన ఒక్క మాట, పాడు.

పాడు అంటే వంతు. సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. అందరూ ఒకేసారి పోతే కొట్లాట. అందుకని కుప్పాల వాళ్ళు చీట్లు వేసుకొని, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో తేల్చుకొంటారు. నేడు మంచి చోటు దొరికినోడికి రేపు సుమారు చోటు. తగాదా వస్తే ఊరి పెద్దలే తీరుస్తారు. ఇది విన్నప్పుడు మా నలుగురికీ తోచింది ఒకటే, మన నీరుగంటి. చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళో చెప్పే నీరుగంటి మాటకు మన పెద్దలు ఎదురు చెప్పింది లేదు. బోరుబావులు వచ్చినాక ఎవరి బోరు వాళ్ళది, ఇంక వంతు ఎక్కడిది? కె.జి.ఎఫ్.లో అయితే వంతు అనేదే లేకపోయె. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి భూమి కింది బంగారమంతా కంపెనీది, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినోళ్ళది కూలి మాత్రమే. 2001 ఫిబ్రవరి 28న గని మూసినాక, ఆ పిల్లోళ్ళు తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోయి రాత్రికి వస్తా ఉండారు.

అట్లని పాడును ఆకాశానికి ఎత్తము. ఆ వంతు ఒక కులం కుప్పాలది. చీటీలో పేరు లేనోళ్ళకు మంచి చోట్లు లేవు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చూసినాము, ఇరులర్ ఆడోళ్ళు మొల లోతు నీళ్ళలో కూర్చొని, బురదలో చేతులతో తడిమి రొయ్యలు పట్టతా ఉండారు. తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకొని! వాళ్ళకు వలా లేదు, పడవా లేదు, వంతూ లేదు. పెద్దాయన్ని దీని గురించి కూడా అడిగినాము. "మా తాతల కాలం నుంచి అంతే" అని వల వైపు తిరిగినాడు. మన సంఘంలో కూడా కొన్ని ప్రశ్నలకు ఇదే జవాబు వస్తుంది, అది వేరే సంగతి.

పోయేవాళ్ళకు ఒక మాట. పడవ షికారు అని ఎవరన్నా పిలిస్తే ఎక్కొద్దండి. 2011లో క్రిస్మస్ రోజు పడవ బోల్తా పడి 22 మంది పోయినారు. లైట్‌హౌస్ దిక్కుకు వంతెన ఉంది, నడిచి పోండి, సముద్రమూ కనపడుతుంది, సరస్సూ కనపడుతుంది. చలికాలంలో అయితే పూనారె పక్షులు కూడా ఉంటాయి.

వంతెన మీద నిలబడినప్పుడు ఆ పెద్దాయన కొడుకు చెయ్యి చూపించి ముఖద్వారం చూపించినాడు. సముద్రం సరస్సులోకి వచ్చే నోరు అది. రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా ఈ నోట్లో నుంచే లోపలికి వచ్చి, పెరిగి మళ్ళీ బయటకు పోవాల. వేసవిలో ఇసుక మేటేసి ఆ నోరు పూడుకొనిపోతుంది. అప్పుడు లోపలి నీళ్ళు చేదెక్కేంత ఉప్పవుతాయి, రొయ్య రాదు, చీట్లు వేసుకొన్నా పంచుకొనేదానికి ఏమీ ఉండదు. కుప్పాల వాళ్ళే చందాలు వేసుకొని ఇసుక తోడించిన ఏండ్లు ఉన్నాయంట. "ఈసారి ఎట్లుంది?" అని అడిగితే, "పడవ అడుగు తగలతా ఉంది" అన్నాడు.