రంగుల రథములు

ఎద్దుకొమ్ములకు రంగు పూసినంతమాత్రమున దాని బలము పెరుగదు. అయినను కనుమపండుగనాడు రైతు కొమ్ములకు రంగులు వేసి, మెడలో మువ్వలపట్టెడ కట్టి, దానిని చూచి మురిసిపోవును. లారీ తోలువాడు తన బండి వెనుకతట్టున నెమళ్లను, తామరపూలను వ్రాయించుకొనును. తాను ఎక్కి తిరుగు దానిని తనదిగా చేసికొనవలెనను కోరిక మనుష్యునకు సహజము. ఆ కోరికయే నేడు వీడియో ఆటలలోనికిని ప్రవేశించినది.

మా అన్నగారి కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. సెలవుదినములలో వాడు ఫోర్జా హొరైజన్ 5 అను ఆట ఆడుచుండును. 2021లో వెలువడిన ఈ యాట మెక్సికో దేశమును పోలిన విశాలప్రదేశమున నడచును. ఎడారులు, అడవులు, ఒక అగ్నిపర్వతము, గ్వానహ్వాతో పట్టణపు ఇరుకు వీథులు అందులో కనబడును. ఆడువాడు గీచిన బాటనే పట్టి పోనక్కరలేదు. తన యిచ్చవచ్చిన త్రోవను పోవచ్చును. ఇట్టివానిని ఓపెన్ వరల్డ్ ఆటలందురు.

వాడు పందెములను విడిచి మూడు సాయంకాలములు కారునకు రంగులు వేయుటలోనే గడపుట చూచి నాకు వింత తోచినది. ప్రక్కన కూర్చుండి ఆ విధానమును గమనించితిని. అందులో కుంచె లేదు. వృత్తము, చతురస్రము, త్రిభుజము మొదలగు ఆకృతులను ఎన్నుకొని, వానిని సాగదీసి, త్రిప్పి, రంగు మార్చి, ఒకదానిపై నొకటి పేర్చవలెను. వాడు కారు తలుపుపై నెమలిని తీర్చదలచెను. పింఛములోని ఒక్కొక్క కన్నునకు నాలుగు వృత్తములు. ఈకలకు సన్నని త్రిభుజములు. అయితే కారు తలుపు పలకవలె చదునుగా నుండదు. అందుచే ఒకవైపునుండి చూచిన గుండ్రముగా నున్నది, వంపుపైకి జరుపగానే కోలగా మారును. దానిని సరిదిద్దుటకే ఒక సాయంకాలము పట్టినది. క్షేత్రగణితము చదువునపుడు వానియందు ఇంత ఓర్పును నేనెన్నడును చూచి యెరుగను.

"దీనివలన కారు వేగము పెరుగునా?" అని అడిగితిని.

"పెరుగదు, బాబాయీ! వేగము కావలెనన్న ఇంజను మార్చవలెను. పట్టు కావలెనన్న టైర్లు మార్చవలెను. వెనుక రెక్క బిగించినచో గాలి కారును నేలకు అదుమును. అప్పుడు మలుపులలో కారు జారదు. కాని తిన్నని బాటలో వేగము కొంత తగ్గును. రంగు మాత్రము దేనిని మార్చదు."

"మరి ఎందులకీ శ్రమ?"

"ఇటువంటి కారు ఎందరివద్దనో ఉన్నది. ఈ నెమలి నా కారుమీద మాత్రమే ఉన్నది" అని వాడు బదులు చెప్పెను.

కాని ఆ నెమలి చాలకాలము వాని కారుమీద మాత్రమే నిలువలేదు. తాను వేసిన బొమ్మను ఇతరులకు పంచిపెట్టు వీలు ఆ యాటలో కలదు. వాడు అట్లే చేసెను. రెండు దినములలో పదునొకండుగురు దానిని తమ కార్లకు వేసికొనిరి. వారెవరో, ఏ దేశమువారో వానికి తెలియదు. అయినను పందెము గెలిచిననాడు కనబడని తృప్తి ఆనాడు వాని ముఖమున కనబడెను.

పెద్దలును ఇట్టి పని చేసియున్నారు. 1975లో అలెగ్జాండర్ కాల్డర్ అను అమెరికా శిల్పి బి.ఎం.డబ్ల్యు. పందెపు కారు నొకదానిని ఎరుపు, పసుపు, నీలిరంగులతో అలంకరించెను. ఫ్రాన్సులోని ల మాన్ నగరమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెములో అది పరుగెత్తినది. కాని ముగింపు చేరకయే నిలిచిపోయినది. ఓడిన ఆ కారును పారవేయలేదు. రంగుల కొరకే దానిని భద్రపరచిరి.

అయితే ఇనుప కారునకును ఆటలోని కారునకును ఒక గొప్ప భేదము కలదు. ఇనుప కారును కొట్టులో దాచవచ్చును. ఆటలోని కారు ఎక్కడ నున్నది? 2014లో ఉబిసాఫ్ట్ అను ఫ్రెంచి సంస్థ ది క్రూ అను ఆటను వెలువరించెను. అమెరికా దేశమును కుదించి చూపిన ఆ యాటలో జనులు తమ కార్లను ముచ్చటగా సింగారించుకొనిరి. కాని ఆ యాట సంస్థవారు నడుపు సర్వర్లను ఆశ్రయించి యుండెడిది. 2024 మార్చి 31వ తేదీన ఆ సర్వర్లను మూసివేసిరి. ఆనాటితో డబ్బిచ్చి కొన్నవారికిని ఆట లేదు, కార్లును లేవు. ఒంటరిగా ఆడుకొనుటకును వీలు లేకపోయెను.

ఆటయే కదా యని చాలమంది ఊరకుండలేదు. అమ్మిన ఆటలను ఇట్లు నశింపజేయరాదని కోరుచు యూరోపియన్ యూనియన్‌కు సమర్పింపదలచిన విన్నపముపై 2025 జులై నాటికి పదిలక్షలకు పైగా పౌరులు సంతకములు చేసిరి. ది క్రూ తరువాత వచ్చిన రెండు ఆటలకు సర్వరు లేకయే ఆడుకొను ఏర్పాటు చేయుదుమని ఉబిసాఫ్ట్‌వారు 2024 సెప్టెంబరులోనే ప్రకటించిరి.

వారి కోరిక న్యాయమైనదనియే నాకు తోచుచున్నది. నేను చూచిన మూడు సాయంకాలముల శ్రమ నిజమైనది. కన్ను కొలిచిన కొలత నిజమైనది. కారు నిజము కాదన్న కారణమున ఆ శ్రమకు విలువ లేదనుట తగదు. అట్లే, తన శ్రమ ఎవరి యింట నిలువయున్నదో తెలిసికొనక యుండుటయు శ్రమించువానికి తగదు. కౌలుభూమిలో చెట్టు నాటువాడు, ఆ భూమి ఎంతకాలము తన చేతిలో నుండునో ముందుగా విచారించును. బాలబాలికలారా! మీరును అట్లే విచారింపుడు. విచారించిన పిమ్మట నిశ్చింతగా రంగులు వేయుడు.