పాత డిస్కు, కొత్త కంప్యూటరు, ఊపిరితిత్తిలో ఒక చిన్న గడ్డ

కొత్తగా కూర్చిన కంప్యూటరులో 2001 నాటి విండోస్ ఎక్స్‌పీని ఎక్కించవలసిన అవసరం డెబ్బై దాటిన వైద్యుడికి ఎందుకు కలిగిందని పాఠకులకు సందేహం రావచ్చు. మధుమేహం గురించీ, రక్తపుపోటు గురించీ వ్రాసే చోట ఈ ప్రస్తావన ఏమిటని కూడా అనుకోవచ్చు. కొల్లేటి గ్రామానికి చెందిన ఒక చేపల రైతు ఊపిరితిత్తిలో కనిపించిన 9 మిల్లీమీటర్ల గడ్డ ఇందుకు కారణం.

ఆయనకు అరవై దాటాయి. చిన్ననాటి నుంచీ చుట్ట అలవాటు. 2025లో దగ్గు మూడు వారాలకు మించి తగ్గకపోవడంతో కఫం పరీక్ష చేయించారు; క్షయ సూక్ష్మజీవులు కనిపించలేదు. సీటీ స్కాన్‌లో మాత్రం కుడి ఊపిరితిత్తి పై భాగంలో ఈ గడ్డ బయటపడింది. సూదితో ముక్క తీసి పరీక్షించాలని నిపుణులు సలహా ఇచ్చారు. అది సరైన సలహాయే. పొగ త్రాగేవారిలో 8 మిల్లీమీటర్లు దాటిన ఘనమైన గడ్డను ఎవరూ తేలికగా వదలిపెట్టరు. అయితే పక్కటెముకల మధ్య నుంచి సూది పంపినప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంటుంది. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులలో ఆ ప్రమాదం మరికొంత ఎక్కువ. ఆయన కుటుంబంతో నాకు ఉద్యోగకాలం నాటి పరిచయం ఉండడం వలన, ఏం చేయాలో అడగడానికి నల్లజర్ల వరకు వచ్చారు.

ఇలాంటి రోగిని అడగవలసిన మొదటి ప్రశ్న, ఇంతకు ముందెప్పుడైనా ఛాతీకి స్కాన్ తీయించారా అని. అడిగాను.

“ఆయ్, రెండు వేల తొమ్మిదిలో తీశారండి. బండి మీంచి పడ్డప్పుడు,” అన్నాడు ఆయన కొడుకు.

ఆ రిపోర్టు ఏమైందో ఎవరికీ తెలియదు. ఫిల్ములు కొల్లేటి తేమకు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే పొరలు ఊడివచ్చే స్థితిలో ఉన్నాయి. స్కాన్ తీసిన కేంద్రం మూతబడి చాలా కాలమైంది. ట్రంకు పెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచిన ఒక సీడీ మాత్రం మిగిలింది.

ఆ సీడీకి నేను ఎందుకంత విలువ ఇచ్చానో చెప్పాలి. ఊపిరితిత్తిలోని కర్కట వ్రణం సాధారణంగా కొన్ని వారాల నుంచి ఏడాదికి కాస్త అటూ ఇటూగా రెట్టింపు ఘనపరిమాణానికి చేరుతుంది. ఘనమైన గడ్డ రెండేళ్ళపాటు ఏ మాత్రం పెరగకుండా ఉంటే, అది ప్రమాదకరం కాదని వైద్యులు చాలావరకు నిశ్చింతగా ఉంటారు. మన దేశంలో ఎప్పుడో సోకి మానిన క్షయ మచ్చలే ఇలా గడ్డలుగా మిగిలిపోవడం సర్వసాధారణం. (మసక గాజులా కనిపించే గడ్డల సంగతి వేరు. అవి నెమ్మదిగా పెరుగుతాయి గనుక అయిదేళ్ళ వరకు గమనించవలసి ఉంటుంది.) ఈయన విషయంలో తేడా రెండేళ్ళు కాదు, పదహారేళ్ళు. 2009 నాటి బొమ్మలో గడ్డ ఇదే పరిమాణంలో ఉంటే సూది అవసరమే ఉండకపోవచ్చు. లేకుంటే ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు.

మా తమ్ముడి మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. నా పాత కంప్యూటరు మూలపడ్డాక, విడిభాగాలు తెప్పించి నాకొక కొత్తది కూర్చి ఇచ్చాడు. అందులో సీడీ పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ తీగతో తగిలించే సీడీ డ్రైవు తెచ్చి, డిస్కును ఒకే ఒక్కసారి చదివించి, దాని పూర్తి నకలును ఒక ఫైలుగా భద్రపరిచాడు. పదహారేళ్ళ డిస్కును పదేపదే తిప్పకపోవడం తెలివైన పని.

మామూలుగా అయితే ఇక్కడితో కథ ముగిసేది. వైద్య చిత్రాలకు డైకామ్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. దాని తొలిరూపం 1985లో వెలువడింది, ఇప్పటి పేరు 1993లో వచ్చింది. ఆ రూపంలో ఉన్న బొమ్మలను ఏ దేశంలోనైనా, ఏ కంప్యూటరులోనైనా ఉచిత ప్రోగ్రాములతో చూడవచ్చు. ఈ డిస్కులో బొమ్మలు అలా లేవు. ఆ కేంద్రంవారు వాడిన ప్రోగ్రాము వాటిని తన సొంత రూపంలో బంధించి పెట్టింది. తెరవాలంటే ఆ ప్రోగ్రామే కావాలి. దానిని స్థాపించే భాగమేమో 16 బిట్‌ల కాలానిది. ఇప్పటి 64 బిట్‌ల విండోస్ దానిని నడపదు. రోగి శరీరం రోగిదే అయినప్పుడు, ఆ శరీరపు బొమ్మకు తాళం వేసి తాళంచెవి తమ దగ్గర ఉంచుకోవడం నాకు ఏనాడూ న్యాయంగా తోచలేదు.

అందువలన ఎక్స్‌పీ కావలసివచ్చింది. దాని అసలు డిస్కు, సంకేత సంఖ్య ఉన్న చీటీతో సహా, నా పాత కంప్యూటరు పెట్టెలోనే ఉన్నాయి. మనవడు ముందు దానిని కొత్త యంత్రంలో నేరుగా ఎక్కించబోయాడు. ఖాళీగా ఉన్న వేరొక డిస్కు మీదనే లెండి. నీలితెర వచ్చి ఆగిపోయింది. కారణం కష్టమైనది కాదు. ఎక్స్‌పీ పుట్టిన కాలంలో కంప్యూటరును మేల్కొలిపేది బయాస్. ఇప్పటి బోర్డులలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. ఇప్పటి వేగవంతమైన ఎన్‌వీఎంఈ డిస్కులను నడిపే డ్రైవరు ఎక్స్‌పీలో లేదు. కంటి ఎదుట డిస్కు ఉన్నా దానికి కనిపించదు. కొత్త డ్రైవరు అందించాలంటే ఎఫ్ 6 మీట నొక్కి ఫ్లాపీ పెట్టమంటుంది! ఇంట్లో ఫ్లాపీ ఉన్నా దాన్ని పెట్టేదెక్కడ? తరువాతి తరమైన విండోస్ 7 కూడా ఇంతే. యూఎస్‌బీ 3 డ్రైవర్లు అందులో లేకపోవడంతో, స్థాపన మధ్యలోనే మౌసూ, కీబోర్డూ చచ్చుబడిపోతాయి.

“తాతయ్యా, దీన్ని బయట పడుకోబెట్టలేం. లోపలే గది కట్టాలి,” అన్నాడు వాడు.

అతడు కట్టిన గదిని వర్చువల్ మెషీన్ అంటారు. కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నిర్మించే మరొక కంప్యూటరు అది. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో చేశాడు. పాత వ్యవస్థకు అందులో తనకు తెలిసిన బయాస్, తనకు తెలిసిన తరహా డిస్కు కనిపిస్తాయి. తాను 2025లో ఉన్నానన్న సంగతి దానికి తెలియదు. 10 గిగాబైట్ల డిస్కు, 1 గిగాబైటు జ్ఞాపకశక్తి కేటాయించాడు. 39 నిమిషాలు పడుతుందని తెర మీద పాత వాక్యమే కనిపించింది గానీ, నేను కాఫీ త్రాగి వచ్చేసరికి పని పూర్తయింది. క్రియాశీలం చేయకుండానే ఎక్స్‌పీ 30 రోజులు పనిచేస్తుంది. మాకు ఒక గంట చాలు.

నేను పట్టుబట్టిన నియమం ఒకటే, ఆ గదికి ఇంటర్నెట్ అనుసంధానం ఇవ్వరాదని. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఇంగ్లాండులోని 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసం 80 దాని బారిన పడ్డాయి. ఎన్నో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకీ అది చొరబడింది. మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, వచ్చింది, వేసుకోనివారు పడిపోయారు. ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలకైతే ఉపద్రవం మొదలయ్యాక గానీ ఆ మందు అందలేదు. పాత వ్యవస్థలను ఊరూ పేరూ లేని చోట్ల నుంచి దింపుకోవడం కూడా అంతే అపాయం. చీటీ లేని సీసాలోని మందును మనం పుచ్చుకుంటామా?

ప్రోగ్రాము తెరుచుకుంది. అడ్డుకోతల బొమ్మలు ఒక్కొక్కటిగా కదిలించుకుంటూ పోతే, కుడి ఊపిరితిత్తి పై భాగంలో, అదే స్థానంలో, అదే గుండ్రని తెల్లని చుక్క. గుండె ఝల్లుమన్నది. అయినా నా కంటిని నేను నమ్ముకోదలచలేదు; నేను రేడియాలజిస్టును కాను. అదృష్టవశాత్తు ఆ ప్రోగ్రాములోనే బొమ్మలను డైకామ్ రూపంలోకి మార్చే ఏర్పాటు ఉన్నది. రోగి అనుమతితో వాటిని పెన్‌డ్రైవులోకి తీసి, ఏలూరులో రేడియాలజిస్టుగా పనిచేస్తున్న మిత్రునికి పంపాను. ఆయన రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. అప్పుడూ 9, ఇప్పుడూ 9. గడ్డలో సున్నపు నిక్షేపం కూడా కొద్దిగా ఉన్నదని చెప్పారు. సూది సలహా ఇచ్చిన నిపుణులే ఆ బొమ్మలు చూసి ఇక అక్కరలేదన్నారు. దగ్గుకు కారణం చుట్ట. ఈ సంగతి ఆయనతో నేను గట్టిగానే చెప్పాను. తగ్గిస్తానన్నాడు, మానేస్తానని మాత్రం అనలేదు.

మీ ఇళ్ళలో కూడా ఇటువంటి డిస్కులు ఉంటాయి. యాంజియోగ్రాం, ఎంఆర్ఐ, సీటీ ఏదైనా సరే, సీడీ డ్రైవు ఉన్నవారిని బతిమాలి నకలు తీయించి రెండు చోట్ల ఉంచుకోండి. కొత్తగా స్కాన్ తీయించుకుంటే డైకామ్ రూపంలో ఇవ్వమని అడగండి. వేడికి అక్షరాలు పుట్టే కాగితం మీద తీసిన ఈసీజీలు కొన్నేళ్ళకు వెలిసిపోతాయి; ఆ రోజే జిరాక్సు తీయించి తేదీ వేయండి.

ఎక్స్‌పీ గదిని మనవడు తీసివేస్తానంటే వద్దన్నాను. ఉద్యోగంలో ఉండగా నేను తెలుగులో వ్రాసుకున్న ఆరోగ్య వ్యాసాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఆంగ్లాక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షర ఖండాలను కూర్చిన పద్ధతి అది. ఆ ఫాంటు లేని కొత్త యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు కనిపిస్తుంది. 1991 నాటికే యూనికోడ్‌లో తెలుగుకు చోటున్నది, ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అయినా మన అచ్చుపని చాలాకాలం పాత దారినే నడిచింది. ఆ వ్యాసాలను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఒత్తులు తప్పుతుంటాయి గనుక ప్రతిదీ చదివి సరిదిద్దాలి. పాముకాటు మీద వ్రాసినది పూర్తయింది. వచ్చే వారం ఇక్కడ పెడతాను.