కల్లు ఆగిన నెల

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసింది. నిజామాబాద్ జిల్లాలోని మా ఊళ్లో దుకాణం మూతపడింది. మేం సీసాల్లో తాగేది చాలామటుకు చెట్టు నుంచి దిగిన కల్లు కాదనీ, అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమందులు కలిపిన నీళ్లనీ ఊరికి కొద్దోగొప్పో తెలుసు. అవి అందకపోతే ఒళ్లు ఏమవుతుందో మాత్రం తెలియదు.

నేను డప్పు కొట్టేవాణ్ని. చావుకైనా, పోచమ్మ బోనాలకైనా కూలితోపాటు కల్లు పోయించడం రివాజు. మీసాలు రాకముందే అలవాటైంది.

మొదటి రాత్రి నిద్ర లేదు. తెల్లారేసరికి చేతులు వణికాయి. ఆ తర్వాత మెడ ఒక పక్కకు పట్టేసింది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని చెప్పుతో కొడుతూ కూర్చున్నానట. "నేను రా కొడుకా, అవ్వను" అంటే నువ్వెవరని అరిచానట. ఫిట్స్ వచ్చాక ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. వార్డు నిండా మావంటివాళ్లే: కూలికి పోయేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు. కొందరిని గుడ్డలతో మంచాలకు కట్టేశారు. మెదడు ఆ మందుకు అలవాటు పడిందనీ, ఒక్కసారిగా ఆపితే ఇట్లాగే తిరగబడుతుందనీ డాక్టరు చెప్పాడు. అటువంటి మందే ఇచ్చి కొద్దికొద్దిగా తగ్గించారు.

ఇంటికొచ్చినా ఎడమచేయి నా మాట వినలేదు. డప్పుకు కుడిచేతిలోని సిర్ర అనే కర్ర పెద్ద దెబ్బ వేస్తుంది. దరువుకు పరుగు నేర్పేది ఎడమచేతి చిటికెన పుల్ల. అది జారి పడిపోయేది. హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రాలో వాయించే మా బావ నన్ను పిలిపించుకుని ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ ముందు కూర్చోబెట్టాడు. దానికి వేలు తాకితే చాలు.

పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా విన్నది అప్పుడే. నిజాముల కొలువుకు వచ్చిన ఆఫ్రికా సిద్దీలు, యెమన్ అరబ్బులు తెచ్చిన వాద్యం అది. మన ఊరేగింపుల్లో ఎగిరే తీన్మార్ అక్కడిదే. ఆ నడక మీద మా దరువు ఎక్కించాను, కింద ప్యాడ్‌తో బేస్ పెట్టాను. మేకతోలును మంట దగ్గర కాచి బిగిస్తేనే డప్పు పలుకుతుంది. ప్యాడ్‌తో శ్రుతి కలవాలంటే పాటపాటకూ కాచాల్సిందే. ఆ ఓపిక నాకు తాగే రోజుల్లో లేదు. పుల్ల మెల్లగా వేళ్ల మధ్య నిలిచింది.

ఇప్పుడు మా బృందం పెళ్లిళ్లకు, స్టేజీలకు పోతుంది. చావులకూ పోతాం. బేరమప్పుడే చెప్తాను: కల్లు పోయించకండి, ఆ డబ్బు కూలిలో కలపండి. తాగందే డప్పు మోగదని పెద్దమనుషులు కోపానికొస్తారు. కొన్ని ఊళ్లు పిలవడం మానేశాయి. మా బృందంలో వాయించే పిల్లల తల్లులు మాత్రం కార్యక్రమం అయిన మర్నాడు ఫోన్ చేసి ఎంత ముట్టిందో అడుగుతారు. రూపాయితో సహా చెప్తాను.