తెల్లవారుజామున కదలని జీపు



పోయిన డిసెంబరులో ఒక తెల్లవారుజామున నాలుగింటికి మా తలుపు కొట్టారు. మన గూడెంలో ఒక సహోదరికి నొప్పులు మొదలయ్యాయి, భద్రాచలం తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం చెరువుకట్ట దాకా పోవాలి, మీకు తెలిసిందే. ఒకరిని అటు పంపి నేను జీపు దగ్గరికి వెళ్లాను. ములకలపల్లి వైపు అడవిలో ఆ నెల మంచు సంగతి చెప్పక్కర్లేదు. బానెట్ మీద నీళ్లు కారుతున్నాయి.

తాళం తిప్పితే టక్ అని ఆగిపోయింది. ప్రార్థన చేసి మళ్లీ తిప్పాను. టక్. అలా ఆరేడుసార్లు. ఆ సహోదరి తల్లి అరుగు మీద కూర్చుని నన్నే చూస్తోంది. "చలికమ్మా, చలికి ఇలాగే చేస్తది" అన్నాను. అంతకుముందు ఆదివారమే పదిమంది కన్యకల మీద ప్రసంగం చేసినవాణ్ణి నేను.

ట్రాక్టరు నడిపే తమ్ముడొకడు దుప్పటి కప్పుకుని వచ్చాడు. "అయ్యగారూ, ఆపండి. ఇంకా తిప్పితే ఉన్న కాస్తా పోద్ది" అని లైట్లు వేయించి, ఒక్కసారి తిప్పమన్నాడు. తిప్పగానే లైట్లు కొడిగట్టిన దీపంలా అయిపోయాయి. అంటే కరెంటు చాలట్లేదన్నమాట. అదే లైట్లు తగ్గకుండా టక్‌మంటే సెల్ఫ్ మోటారును చూడాలి. ఇంజను బాగా తిరిగి కూడా అంటుకోకపోతే డీజిల్‌లో గాలి చేరి ఉండాలి, లేదా హీటర్ ప్లగ్గులు పోయి ఉండాలి. డీజిల్ బండికి నిప్పురవ్వ ఉండదు, లోపల గాలి నొక్కుకుపోయి పుట్టే వేడికే అంటుకోవాలి. అందుకే చలిలో తాళం సగం తిప్పి చుట్ట గుర్తు ఆరేదాకా ఆగాలి. నేను ఏనాడు ఆగాను గనుక!

బానెట్ ఎత్తితే టెర్మినల్ మీద తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. వేడినీళ్లు పోసి, గీకి, బిగించాడు. ట్రాక్టరు పక్కకు తెచ్చి ఎర్ర వైరు ప్లస్ నుంచి ప్లస్‌కు, నల్లది ట్రాక్టరు మైనస్ నుంచి జీపు ఇంజను ఇనుముకు తగిలించాడు. బ్యాటరీ దగ్గరే తగిలిస్తే నిప్పురవ్వకు అందులోంచి వచ్చే గ్యాసు అంటుకోవచ్చు. అయిదు నిమిషాలు ఆగి తిప్పాను. ఇంజను అందుకుంది.

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి వెలుగు వచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం, దేవునికి స్తోత్రం.

తర్వాత పాల్వంచలో మెకానిక్ మీటరు పెట్టాడు. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, రాత్రంతా ఉంచినా మనది 12 కూడా లేదు. "దీన్ని చంపింది చలి కాదండీ, మే నెల ఎండ" అన్నాడు. ఎండకు లోపలి నీళ్లు ఇగిరి పలకలు పాడైపోతాయి. ఆయిలు చిక్కబడి ఇంజను ఎక్కువ బలం అడిగేది చలికాలంలో కాబట్టి అప్పుడు బయటపడుతుంది. మనకు మంచు గడ్డకట్టే చలి ఎక్కడుంది? ఈ మాత్రం చలికే మొరాయించిందంటే బ్యాటరీ అప్పటికే అయిపోయినట్టు.

నాకు అక్టోబరులోనే తెలుసు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని జీపును చర్చి ముందు వాలులో ఆపి, దొర్లించి గేరు వేసేవాణ్ణి. ఆ రాత్రి క్యారల్స్‌కు మైకు కూడా జీపు బ్యాటరీ మీదే నడిపాం. అలసిపోయి బండిని ఇంటి ముందే వదిలేశాను.

ఆ తల్లి దగ్గరికి వెళ్లి, చలి వల్ల కాదమ్మా, నా అశ్రద్ధ వల్ల, క్షమించమని అడిగాను.

"మాకు తెల్వదా అయ్యగారూ? రోజూ వాలులో పెడుతుంటిరి గదా" అంది.

కొత్త బ్యాటరీ వేయించాను. ఈ ఏడు మైకుకు వేరే బ్యాటరీ తెస్తామని యౌవనస్థులు అంటున్నారు. ఎవరు తెస్తారో ఆదివారం ఆరాధన తర్వాత తేల్చుకుందాం, ఉండిపోండి.