ప్రియమైన బొమ్మలు

సంస్కృతమున ప్రియమనగా ఇష్టమైనది. తెలుగున ఆ మాటకు మఱొక యర్థము కూడ కలదు. కూరలు ప్రియమైనవని యనుచో ఎవరికో కూరలమీద ప్రేమ పుట్టినదని కాదు, వెల హెచ్చినదని. ఇంగ్లీషువారి డియర్ అను మాటకును ఈ రెండర్థములు కలవు. ఇరువదేండ్లుగా బడిలో పిల్లలకు ఈ సంగతిని భాషావిశేషముగా చెప్పుచున్నాను. కాని ఈ రెండర్థములను నేనే కలిపివేసికొని, వెల హెచ్చినదే యిష్టమైనదని భ్రమించి, నా యింట ఎంత తెలివితక్కువ పని చేసితినో నేడు చెప్పదలచితిని.

నాకు నలుబదియాఱేండ్లు. వృత్తి బడిపంతులుతనము, వ్యసనము బొమ్మలు కొనుట. చదువరులలో కొందఱు నవ్వవచ్చును. నవ్విన తప్పు లేదు. నేను చెప్పెడివి పిల్లలాడుకొను బొమ్మలు కావు. చలనచిత్రములలోని వీరులకు ప్రతిరూపములుగా, మనిషి యెత్తులో ఆఱవవంతున, సుమారు 12 అంగుళముల పొడవున చేసి పెద్దవారికై అమ్మెడి బొమ్మలు. ముఖముమీది మచ్చలను, కంటికొనల ముడుతలను కూడ రంగులతో తీర్చెదరు. ఉడుపులు నిజముగా గుడ్డతో కుట్టినవి. దేహమున సుమారు 30 కీళ్లుండును. పెట్టెలో మార్చి మార్చి తొడుగుటకు కొన్ని జతల చేతులును, మణికట్టున బిగించెడి చిన్న చీలలును అదనముగా నుంచెదరు. ఆ చీలల సంగతి ముందు వచ్చును గావున దానిని జ్ఞప్తియందుంచుకొన వేడెదను.

ఈ బొమ్మల చరిత్ర చిత్రమైనది. 1964లో అమెరికాలోని హాస్బ్రో కంపెనీవారు జీ.ఐ. జో అను పేర 12 అంగుళముల సైనికుని అంగళ్లకు తెచ్చిరి. మగపిల్లలకు బొమ్మలేమిటని తల్లిదండ్రులు మొగము చిట్లింతురేమో యన్న భయమున దానిని బొమ్మ యనక యాక్షన్ ఫిగర్ అని పిలిచిరి. వెల నాలుగు డాలర్లు. 1973 తరువాత నూనె వెల మండిపోయి, దానితో ప్లాస్టిక్కు వెల పెరిగెను. 1976లో ఆ పెద్ద సైనికుడు ఆగిపోవుటకు అదియొక కారణము. మఱుసటియేట వచ్చినవాడు 8 అంగుళముల వాడు. 1982లో వచ్చినవాడు 4 అంగుళములకు లోపు. ఇందలి నీతిని గమనింపుడు. ఆ నాడు ఖర్చు పెరిగినచో బొమ్మను పొట్టిచేసిరి, ఏలయన కొనువాడు పసివాడు, వాని జేబు చిన్నది. నేడు కొనువాడు ఆ పసివాడే. పెరిగి పెద్దవాడై జీతము తెచ్చుకొనుచున్నాడు. కావున బొమ్మ పొట్టి కాలేదు, వెల పొడవైనది. 2000లో హాంగ్‌కాంగున పుట్టిన హాట్ టాయ్స్ వంటి కంపెనీలు పెద్దవారి యీ జేబును నమ్మియే పెరిగినవి.

ఆ చిన్న సైనికులను ఫన్‌స్కూల్ కంపెనీవారు మన దేశమునను చేసి అమ్మిరి. నేను బడిలో చదువుకొను దినములలో మా పట్టణపు అంగడి యద్దము వెనుక వానిని చూచుచు నిలుచుండెడివాడను. మా నాయన చిన్న గుమాస్తా. నేను అడుగలేదు, ఆయన కొనలేదు. ఇందు ఎవరి తప్పును లేదు. కాని అడుగని కోరిక పోదు, లోపల కూర్చుండును. 2012లో నాకు బకాయి జీతము కొంత చేతికి వచ్చినప్పుడు మొదటి పెద్దబొమ్మను 12,000 రూపాయలు పోసి తెప్పించితిని. ఆ వెలను నా యాలితో చెప్పితిని. ఆమె ఒక నిమిషము ఊరకుండి, "బాగుందండీ, ముఖంలో జీవం ఉంది" అనెను. ఆ బొమ్మ విషయమున నేను నేటికిని నిర్మలుడను.

తరువాతి పండ్రెండేండ్లలో మఱి పదింటిని కొంటిని. వెలలు పెరుగుచునే యుండెను. కారణములు వెదకినచో తేటగానే కనబడును. చైనాలో పనివారి కూలి పెరిగినది. ఉత్త ప్లాస్టిక్కు చాలదని లోహపు భాగములు, కదలెడి కనుపాపలు, వెలిగెడి దీపములు చేర్చిరి. చిత్రము తీసినవారికి హక్కుల సొమ్ము చెల్లింపవలెను. ఈ శతాబ్దపు తొలి దశాబ్దము చివర 150 డాలర్లకు అటునిటుగా నుండిన ఆఱవవంతు బొమ్మ యిప్పుడు 250 మొదలు 300 డాలర్ల వఱకు పలుకుచున్నది. లోహము హెచ్చుగా నున్నచో 400 దాటును. చిన్నవాని తీరును అదియే. హాస్బ్రోవారు 2013లో 20 డాలర్లకు అమ్మ మొదలిడిన ఆఱంగుళముల స్టార్ వార్స్ బొమ్మ 2022 నాటికి 25 డాలర్లయ్యెను. 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము చైనా సరకులపై సుంకమును 145 శాతమునకు పెంచి, మే నెలలో 30 శాతమునకు దించెను. అక్కడ అమ్ముడగు బొమ్మలలో అధికభాగము చైనాలో చేసినవే గావున ఆ దెబ్బ నేరుగా బొమ్మలకు తగిలెను. మన దేశమున బొమ్మలపై మూల దిగుమతి సుంకము 2020లో 20 శాతమునుండి 60కి, 2023లో 70కి పెరిగెను. స్వదేశపు పనివారికి ఊపిరి నిచ్చుటకు వేసిన సుంకమునకు నేను వగవను. దీనికి తోడు 2012లో 53 రూపాయల ప్రాంతమున నుండిన డాలరు 2025 చివరకు 90కి చేరెను.

ఈ కారణములన్నియు నిజములే. కాని నా యింటి నష్టమునకు కారణము వీనిలో లేదు. వెల పెరిగినకొలది నేను నోరు మూసికొంటిని. 20,000కు కొన్నదానిని 8,000 అంటిని; 31,000కు కొన్నదానిని చెప్పనే లేదు. మనస్సాక్షి గుచ్చినప్పుడు దానికొక సమాధానము చెప్పుకొంటిని: ఇది ఖర్చు కాదు, నిధి, వెల పెరుగుచున్నది గదా, నా సొమ్మును పెరుగుచున్నది. క్రొత్తది కొనునప్పుడు వెల పెరిగినదని ఏడ్చుట, పాతదానిని చూచినప్పుడు వెల పెరిగినదని మురియుట. రెండును ఒక్క పెరుగుదలకే!

ఈ భ్రమకు వేలముల వార్తలు నేయి పోసెను. 1963 నాటి మొదటి జీ.ఐ. జో నమూనా 2003లో 2,00,000 డాలర్లకు పోయినది. స్టార్ వార్సులోని బోబా ఫెట్ బొమ్మ నమూనా యొకటి 2024లో 5,25,000 డాలర్లు పలికినది. ఇట్టివి చదివి నా యద్దాల బీరువావంక గర్వముగా చూచెడివాడను. ఒక చిన్నమాట నాకు తోపలేదు. అవి నమూనాలు, అంగట అమ్మినవి కావు. పోనీ, అంగట అమ్మిన పాతబొమ్మలకైనను నేడు వెల ఏల వచ్చినది? పిల్లలు వానితో ఆడి, మట్టిలో పాతి, విఱుగగొట్టినందున. మిగిలినవి కొన్ని గావున ఆ కొన్నిటికి వెల. నేడు కొన్నవా రందఱును నావలెనే పెట్టెతో సహా తాళము వేసి దాచుచున్నారు. ఎవరును విఱుగగొట్టనిచో కొఱత యెక్కడిది? పైగా అదే వీరునికి ఇంతకంటె మంచి ప్రతిరూపము వెలువడినచో పాతదాని వెల పడిపోవును.

క్రిందటి సంక్రాంతికి మా చెల్లెలు తన కొడుకుతో మా యింటికి వచ్చెను. వానికి ఆఱేండ్లు. కొలువునకై దించిన కొండపల్లి ఏనుగు అంబారీని చూచి, దానిపై ఎక్కుటకు తగిన వీరుడు నా బీరువాలో నున్నాడని వాడు గ్రహించెను. ఆ నాడు తాళము వేయ మఱచితిని. వాడు నా 31,000 రూపాయల వీరుని అంబారీపై కూర్చుండబెట్టబోగా మణికట్టు పుటుక్కుమనెను. నేను పరుగున వచ్చి వాని చెంపపై కొట్టితిని. బడిలో ఇరువదేండ్లలో ఏ పిల్లవానిని కొట్టనివాడను! వాడు ఏడువక ముందు ఆశ్చర్యముగా చూచి, "బొమ్మే కదా మామయ్యా!" అనెను, తరువాత ఏడ్చెను. చెల్లెలు మొగము చిన్నబుచ్చుకొని, "ఎంతది అన్నయ్యా? మేమిచ్చేస్తాంలే" అనెను. "మూడువేలు" అంటిని. నా భార్య గుమ్మమున నిలుచుండి వినెను.

ఆ రాత్రి అందఱును నిద్రించిన తరువాత పెట్టె తెఱచి చూచితిని. అందు అదనపు చీలలు రెండుండెను. విఱిగినదానిని లాగి క్రొత్తది బిగించుటకు రెండు నిమిషములు పట్టలేదు. బొమ్మకు జరిగిన నష్టము అంతమాత్రమే. వెనుకనుండి నా భార్య, "దాని వెల నాకు తెలుసండీ. రసీదు చూసి రెండేళ్లయింది. మీరే చెప్తారని ఊరుకున్నాను" అనెను. నేను ఎప్పటి సమాధానమునే పైకి తీసి, దాని వెల పెరిగినదని, అమ్మినచో లాభమే యని చెప్పితిని. ఆమె కోపింపక, "అయితే ఏది అమ్ముతారు?" అని అడిగెను. బీరువావంక చూచితిని. ఏదియు అమ్మలేనని నాకప్పుడు తెలిసినది. అమ్మని వస్తువునకు లాభ మెక్కడిది?

ఆమె ఎనిమిది మాసములుగా ఎడమప్రక్క పంటితో నమలుట లేదు. పంటికి చికిత్స చేసి తొడుగు వేయుటకు 9,000 రూపాయలగునని వైద్యుడు చెప్పగా, "ఇప్పుడు తొందరేముంది?" అని ఆమె వాయిదా వేసెను. ఇల్లు ఇఱుకున నున్నదని ఆమె నమ్మినది. ఇఱుకు చేసినవాడను నేను. ప్రతిదినము ఎదుట కూర్చుండి భోజనము చేయుచు, ఆమె ఒకవైపుననే నమలుట చూడలేదు. పండ్రెండంగుళముల ముఖమున ముడుతలు మాత్రము చూచితిని.

మఱునాడు లెక్క వ్రాసి ఆమె చేతిలో పెట్టితిని: పదునొకండు బొమ్మలు, 2,90,000 రూపాయలు. తరువాతి మాసమున రెంటిని అమ్మకమునకు పెట్టితిని. వాని కొనుబడి 58,000. అట్టివానికి ఇతరులు అడుగుచున్న వెల లక్షకు దగ్గఱ. నాకు చేతికి వచ్చినది 36,000. పెట్టె తెఱచినదని ఒకరు, తమకు అందులో లాభముండవలెనని మఱొకరు తగ్గించిరి. అడిగెడి వెల వేఱు, వచ్చెడి వెల వేఱు. ఆ సొమ్ముతో మొదట పంటివైద్యుని యొద్దకు పోయితిమి.

బొమ్మలు కొనుట పాపమని నేననను. కష్టించువానికి ఒక యిష్ట మవసరమే. కాని నావంటి సోదరులకు మూడు మాటలు మనవి చేసెదను. కొనకముందే వెలను ఇంట చెప్పుడు. చెప్ప జంకుచున్నచో అది మన శక్తికి మించినదని తెలిసికొనుడు. ఇదే చివరి యవకాశమని అమ్మువాడు తొందరపెట్టినచో ఒక మాసము ఆగుడు. మఱి నెలకు మఱొక చివరి యవకాశము వచ్చును. దానిని పెట్టుబడి యనకుడు. మనస్సునకు నచ్చి చేసిన ఖర్చని ధైర్యముగా ననుడు. సంస్కృతమున లేనిది సంపాదించుటను యోగమనియు, ఉన్నదానిని కాపాడుటను క్షేమమనియు అందురు. నేను యోగమునకై పరుగెత్తి క్షేమమును మఱచితిని.

వేసవి సెలవులలో మేనల్లుని మరల పిలిపించితిని. బీరువా తాళము వాని చేతికే యిచ్చితిని. వాడు మొదట తెఱవలేదు. నావంక చూచుచు నిలుచుండెను. ఆ చూపు నాకు చాలకాలము జ్ఞాపకముండును. తరువాత నేనే తెఱచి, వీరుని తీసి వాని ముందు పెట్టితిని. వాడు మణికట్టును రెండు వ్రేళ్లతో మెల్లగా తాకి, "నొప్పి తగ్గిందా?" అని దానినే అడిగెను.