ఏడాకుల నీడ

ఇరవయ్యేళ్లు దాటిన కొత్తలో శాంతినికేతనాన్ని గూర్చిన ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేశాను. అందులో ‘ఛాతిమ్’ అనే చెట్టు వచ్చింది. అది సంస్కృతంలోని సప్తపర్ణమని తెలుసుకొని, నిఘంటువు తిరగవేసి ‘ఏడాకుల అరటి’ అని వ్రాశాను. కొన్నాళ్లకు ఒక పాఠకుడు ఉత్తరం వ్రాశాడు: “అయ్యా, మహర్షి అరటిచెట్టు క్రింద కూర్చుండి ధ్యానం చేశాడా?” నా వద్ద జవాబు లేదు. ఆ చెట్టును నేను చూచి ఎరుగను.

ఆ సిగ్గే నన్ను శాంతినికేతనానికి నడిపించింది. మొదటిసారి పోయినది నడివేసవిలో. ఎర్రని కంకరనేల, వడగాలికి దుమ్ము లేస్తున్నది. 1863లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు ఈ నేలను తీసుకొన్నప్పుడు, ఆ బయలులో ఆయనకు నీడనిచ్చినవి రెండు ఛాతిమ్ చెట్లు. తరువాతి మామిడితోపు, సాలవృక్షాల బాట మనుషులు పెంచినవే. 1901లో రవీంద్రుడు అక్కడ బడి పెట్టి, చెట్ల నీడనే తరగతి గదిగా చేశాడు. ఆ ఎండలో దిరిసెన ఒక్కటే నిశ్చింతగా పూచి ఉన్నది. 1930 నుంచి 1950 వరకు అక్కడ హిందీ బోధించిన హజారీప్రసాద్ ద్వివేదిగారు శిరీషపుష్పంపై అంత మమతతో ఎందుకు వ్రాశారో అప్పుడు తెలిసింది.

మరొక ఏడు శ్రావణంలో పోయాను. 1928లో రవీంద్రుడు ప్రారంభించిన వృక్షారోపణోత్సవం జరుగుతున్నది. చిన్న మొక్కను పల్లకిలో కూర్చుండబెట్టి, పాటలతో, పెండ్లికూతురిని తెచ్చినట్లు తెచ్చి నాటారు. ఇంకొకసారి వసంతాగమనంలో ఆమ్రకుంజం పూతతో బరువెక్కి ఉన్నది. 1913లో నోబెల్ బహుమానం వచ్చినప్పుడు కవిని జనం సన్మానించినది ఆ మామిళ్ల క్రిందనే.

శరత్తు మాత్రం చాలా ఏళ్లకు గాని దక్కలేదు. ఆశ్వయుజంలో ఒక సాయంకాలం, చీకటి పడే వేళ, తెలియని పరిమళమొకటి దారికి అడ్డు నిలిచింది. ఘాటైనది, ఇంచుమించు తల తిప్పేటంతటిది. తలయెత్తి చూచాను. కణుపు కణుపుకూ గుండ్రంగా అమరిన ఆకులు, వాటి నడుమ తెల్లని పూగుత్తులు. రాలిన ఆకును త్రుంచితే పాలు కారినవి. ఏడాకులపాల! మా ఊళ్లో బడికి పోయే బాటలో ఉండిన చెట్టే. ఆ చెట్టు క్రింద ఆడుకొన్నాను. పేరు మాత్రం ఎవరినీ అడుగలేదు.

మరునాడు ఛాతిమ్‌తలలో ఒక వృద్ధుడు చెప్పాడు: మహర్షి నాటి చెట్లు ఎన్నడో పోయినవి, ఇప్పుడున్నవి ఆ చోటనే మళ్లీ నాటినవి. నాకు మొదట నిరాశ కలిగింది. కాని బడిపిల్లలు ఆ దారిన పోతూ గొంతు తగ్గించుకొన్నారు. వారికి అది ఛాతిమ్‌తలయే.

నేను జీవితమంతా చేసినదీ ఇటువంటి నాటుడే. మూలవృక్షాన్ని పెకలించి తేలేము. మన నేలలో మరొకటి నాటాలి. అయితే ఆ నాటేది అరటి కారాదు.

ఇంటికి వచ్చి ఆ పాత పుస్తకంలో ఆ మాట కొట్టివేసి, ‘ఏడాకులపాల’ అని వ్రాసుకొన్నాను. ఉత్తరం వ్రాసిన పాఠకుని చిరునామా మాత్రం ఎంత వెదకినా దొరకలేదు.