నీలి సీతాకోకచిలుక నేర్పిన పాఠం

యంత్రం ఆగిపోయినప్పుడు కారణం వెదకడం మెయింటెనెన్సు ఇంజినీర్లమైన మా వృత్తి. బేరింగు పదే పదే చెడిపోతుంటే దానిని తయారుచేసిన వారిని నిందించడం తేలిక. షాఫ్టు అలైన్‌మెంటు సరిచూడడం శ్రమ. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మాకు, ఇంగ్లండు పచ్చిక బయళ్ళలోని ఒక చిన్న సీతాకోకచిలుక కథ ఎంతో దగ్గరిదిగా తోచింది.

దాని పేరు 'లార్జ్ బ్లూ'. పేరులో పెద్దరికం ఉన్నా, రెక్కలు చాచినప్పుడు దాని వెడల్పు సుమారు 4-5 సెంటీమీటర్లే. అక్కడ నీలి సీతాకోకచిలుకలు పలు రకాలున్నా దీనిని గుర్తించడం కష్టం కాదు. ముందు రెక్కల పైభాగాన నీలిమ మీద నల్లని చుక్కలు వరుసగా దిద్దినట్లుంటాయి. తరచుగా కనిపించే 'కామన్ బ్లూ'కు ఆ చుక్కలుండవు.

గుర్తించడం సులభమే; అర్థం చేసుకోవడానికి మాత్రం తరాలు పట్టింది. తల్లి సీతాకోకచిలుక థైమ్ అనే సువాసన మొక్క మొగ్గలపై గుడ్లు పెడుతుంది. మన వాముకు ఘాటునిచ్చే థైమాల్‌కు పేరు వచ్చింది ఈ మొక్క నుండే. గొంగళిపురుగు రెండు మూడు వారాలు పూలు తిని, నేలకు జారి, తీయని ద్రవాన్ని స్రవిస్తుంది. ఎర్రచీమ దానిని తమ పిల్లగా భ్రమించి గూటికి మోసుకుపోతుంది. కాకి గూటిలోని కోకిల పిల్ల మనకు తెలిసినదే. ఈ అతిథి అంతకంటె కృతఘ్నురాలు. సుమారు 10 నెలలు చీమల పిల్లలనే భక్షించి పెరుగుతుంది.

19వ శతాబ్ది చివరి నాటికే వీటి సంఖ్య క్షీణించసాగింది. సీతాకోకచిలుకలను పట్టి భద్రపరచుకొనే సేకర్తలే కారణమని చాలామంది తలచారు. వారిని ఆపడానికి ఒకచోట కంచె వేశారు. కంచె మేసే పశువులను కూడా ఆపింది. సీతాకోకచిలుక అక్కడ మాయమైంది.

1970లలో జెరెమీ థామస్ అనే శాస్త్రజ్ఞుడు బయళ్ళలోనే ఉండి, గుడ్డు మొదలు రెక్కల వరకు ప్రతి దశలోనూ నష్టాన్ని లెక్కించారు. 'మిర్మికా సబులేటి' అనే ఒక్క చీమ జాతి గూటిలోనే ఈ పురుగు చక్కగా బతుకుతుందని తేలింది. ఆ చీమకు ఎండ తగిలే వెచ్చని నేల, అంటే పొట్టి గడ్డి కావాలి. 1953లో బ్రిటనుకు వచ్చిన మిక్సొమటోసిస్ వ్యాధి గడ్డి మేసే కుందేళ్ళను తుడిచిపెట్టింది. వాలు నేలల్లో పశువులను మేపడమూ తగ్గింది. గడ్డి కొద్ది సెంటీమీటర్లు పెరిగేసరికి నేల 2-3 డిగ్రీలు చల్లబడి, ఆ చీమ స్థానాన్ని మరొక జాతి ఆక్రమించింది.

కారణం తెలిసింది గాని ఆలస్యమైంది. 1979లో ఆ జాతి బ్రిటనులో అంతరించింది. 1983లో స్వీడన్ నుండి తెచ్చి, మేత పునరుద్ధరించిన నేలల్లో వదిలారు. ఇప్పుడు సోమర్సెట్‌లోని కాలర్డ్ హిల్ వంటి చోట్ల జూన్, జూలై నెలల్లో మళ్ళీ ఎగురుతున్నది.

కంచె వేసినవారి సదుద్దేశాన్ని మేము శంకించము. కాని కొలవకుండా తలపెట్టిన మేలు కీడుగా పరిణమించింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మిత్రులకు మా మనవి ఒక్కటే: దోషి ఎవరని అడిగే ముందు నేల ఎంత చల్లబడిందో చూడండి. పోయినదానిని స్వీడన్ నుండి తెచ్చుకునే అదృష్టం ప్రతిసారీ ఉండదు.